చైన్ సెట్ కొనే ముందు పళ్ళు లెక్కపెట్టండి

"అన్నా, ఫలానా బండికి చైన్ సెట్ ఇయ్యి" అని బండి పేరు చెప్పి అడిగేవాళ్ళే మన దేవరకొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి షాపుల్లో ఎక్కువ. షాపాయన చైన్, ముందు వెనక స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ళ చక్రాలు) ఉన్న పెట్టె తీసి ఇస్తాడు, మెకానిక్ బిగిస్తాడు, బండి నడుస్తుంది. నాలుగు రోజులయ్యాక మూడో గేర్లో లాగడం లేదనో, ఇంజన్ ఊరికే అరుస్తోందనో అనుమానం మొదలవుతుంది. ఒకే పేరుతో అమ్మిన బండికి కూడా మోడల్ సంవత్సరాన్ని బట్టి స్ప్రాకెట్ పళ్ళు మారుతుంటాయి. సెకండ్ హ్యాండ్ బండి అయితే పాత ఓనర్ ఏం మార్చాడో ఎవరికీ తెలియదు. కాబట్టి షాపుకు బండి పేరుతో కాదు, నాలుగు అంకెలతో వెళ్ళండి: చైన్ నంబరు, లింకుల సంఖ్య, ముందు పళ్ళు, వెనక పళ్ళు.

మార్చాల్సిన టైం వచ్చిందా?

బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక పెద్ద స్ప్రాకెట్‌కు సరిగ్గా వెనక కొస దగ్గర చైన్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కి లాగండి. పన్ను మీద నుంచి చైన్ లేచి, సగం పన్ను బయటికి కనిపించిందంటే ఆ సెట్ అయిపోయినట్టే. పన్ను ఆకారం కూడా చూడండి. కొత్త పన్ను రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అరిగిన పన్ను కొడవలి కొసలా ఒక పక్కకు వంగుతుంది.

ఇంకా కచ్చితంగా తెలియాలంటే కొలవండి. దీనికి 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు చాలు. బండిని గేర్లో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే కింది వైపు చైన్ బిగుస్తుంది. చక్రాన్ని అలాగే పట్టుకోమని ఒకరికి చెప్పి, వరసగా 21 పిన్నులు లెక్కపెట్టండి. మొదటి పిన్ను నడిమి నుంచి చివరి పిన్ను నడిమి దాకా 20 లింకులు వస్తాయి. 428 నంబరు చైన్ కొత్తగా ఉన్నప్పుడు ఈ కొలత 25.4 సెంటీమీటర్లు. 25.9 దగ్గరికి వచ్చిందంటే, అంటే 2 శాతం పెరిగిందంటే, ఇక దాన్ని బిగించుకుంటూ నడపడంలో లాభం లేదు. చైన్‌ను మూడు నాలుగు చోట్ల కొలవండి, అంతటా ఒకేలా అరగదు.

"చైన్ సాగింది" అంటాం గానీ ఇనుప పట్టీలు సాగవు. ప్రతి లింకులో పిన్ను, దాని చుట్టూ ఉండే బుష్ ఒకదానితో ఒకటి రాసుకుని అరుగుతాయి. ఒక్కో చోట వెంట్రుకంత ఖాళీ వస్తుంది. నూరు పైచిలుకు లింకుల్లో ఆ ఖాళీ అంతా కలిస్తే చైన్ పొడుగైనట్టు కనిపిస్తుంది. మన ఎర్ర దుబ్బ లోపలికి పోయిందంటే సాన పట్టినట్టే అరిగిస్తుంది.

చైన్ ఒక్కటే వేయకండి

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. కొన్నేళ్ళ కింద ఒక షాపులో అడిగాను: "అన్నా, చైన్ ఒక్కటే ఏస్తే సరిపోతదా?" "పళ్ళు మంచిగనే ఉన్నయి తమ్మీ, చైన్ ఏస్కో చాలు" అన్నాడాయన. నేనూ అదే వినాలనుకున్నాను, వేయించాను. ఒక వానాకాలం గడిచేలోపే కొత్త చైన్ కటకటలాడింది. చైన్ బిగువు సర్దే అడ్జస్టర్ గీతలు చివరికొచ్చాయి. అప్పుడు విప్పి చూస్తే ముందు చిన్న స్ప్రాకెట్ పళ్ళు సూది మొనల్లా ఉన్నాయి. అది కవర్ లోపల ఉంటుంది కాబట్టి మేమిద్దరం బయటికి కనిపించే పెద్దదాన్నే చూసి మాట్లాడుకున్నాం.

ఎందుకిలా అవుతుందంటే, పాత చైన్‌లో లింకుకు లింకుకు మధ్య దూరం పెరిగి పోయి ఉంటుంది. ఆ దూరానికి తగ్గట్టుగా పళ్ళు కూడా అరిగి వంగుతాయి. అలాంటి పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే దాని రోలర్ (పన్నుకు ఆనే చిన్న గొట్టం) పన్ను మొదట్లో కూర్చోదు. వంగిన కొసకు తగులుకుని, విడిపోయేటప్పుడు చిన్న కుదుపుతో విడిపోతుంది. బరువంతా ఒకటి రెండు పళ్ళ మీదే పడుతుంది. ప్రతి చుట్టులో ఇదే జరుగుతుంటే చైన్ ఎన్నాళ్ళు ఆగుతుంది? మూడూ కలిపి మార్చండి. ముందు స్ప్రాకెట్ మూడింట్లో చౌక వస్తువు, అరిగేది మాత్రం అదే ముందు, పళ్ళు తక్కువ కాబట్టి ఒక్కో పన్ను ఎక్కువసార్లు తిరుగుతుంది.

చైన్ నంబరు అంటే ఏమిటి

చైన్ పక్క పట్టీ మీద 428 అనో 520 అనో కొట్టి ఉంటుంది. మొదటి అంకె రెండు పిన్నుల మధ్య దూరాన్ని చెబుతుంది, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన. 4 అంటే ఎనిమిదింట నాలుగు, అంటే అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. 5 అంటే 15.875 మిల్లీమీటర్లు. మిగతా రెండు అంకెలు లోపలి వెడల్పుకు. 428 లోపలి వెడల్పు దాదాపు 7.9 మిల్లీమీటర్లు, 520 ది 6.35. మన దగ్గర తిరిగే 100, 125, 150 సీసీ బళ్ళలో చాలావాటికి 428 ఉంటుంది, పెద్ద బళ్ళకు 520 ఆపైన. 428 స్ప్రాకెట్ మీద 520 చైన్ కూర్చోదు, ఈ నంబరు విషయంలో ప్రయోగాలు వద్దు. 428 తర్వాత హెచ్ అని ఉంటే పక్క పట్టీలు మందంగా ఉంటాయి. పాల క్యాన్లు, గడ్డి మోపులు, యూరియా బస్తాలు మోసే బండికి హెచ్ రకమే తీసుకోండి.

లింకులు లెక్కపెట్టేటప్పుడు వెడల్పు లింకు ఒకటి, ఇరుకు లింకు ఒకటి అని రెండూ విడిగా లెక్కించాలి. చైన్ రెండు కొసలను కలిపే లాక్ లింకును కూడా కలపండి. మొత్తం సరి సంఖ్యే వస్తుంది. బేసి వచ్చిందంటే ఎక్కడో తప్పారు, సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టండి. స్ప్రాకెట్ పక్కన పళ్ళ సంఖ్య కొట్టి ఉంటుంది, మడ్డి గీకితే కనిపిస్తుంది. కనిపించినా సరే ఒకసారి వేలితో లెక్కపెట్టండి.

మామూలు చైనా, ఓ-రింగ్ చైనా?

మామూలు చైన్‌లో మనం పోసే నూనె తప్ప లోపల ఇంకేమీ నిలవదు. ఓ-రింగ్ చైన్‌లో తయారీలోనే పిన్ను చుట్టూ గ్రీజు పెట్టి, రెండు వైపులా రబ్బరు రింగుతో మూసేస్తారు. దుమ్ము లోపలికి పోదు, గ్రీజు బయటికి రాదు. ఎక్స్-రింగ్ కూడా ఇదే పని చేస్తుంది, రింగు ఆకారమే వేరు. ధర ఎక్కువ, కానీ ఎక్కువ కాలం వస్తుంది.

నా అభిప్రాయం చెబుతాను. మీ బండికి చైన్‌ను పూర్తిగా మూసే కవర్ ఉంటే మామూలు చైన్ చాలు. సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాల్లో తిరిగేవాళ్ళకు ఆ కవరే పెద్ద ఆస్తి. నాట్ల రోజుల్లో బురద ఎంత చిమ్మినా చైన్ దాకా రాదు. "వెయిట్ తగ్గుద్ది, స్టైల్‌గ ఉంటది" అని దాన్ని విప్పి పడేసే కుర్రాళ్ళను చూస్తే బాధేస్తుంది. కవర్ లేని బండి మీద మట్టి రోడ్డున రోజూ తిరిగేవాళ్ళు మాత్రం ఓ-రింగ్ కొనండి. ఒక్కటి చూసుకోండి: ఓ-రింగ్ చైన్ పిన్నులు పొడుగు, చైన్ మొత్తం వెడల్పు కాస్త ఎక్కువ. ఇరుకైన కవర్ లోపల రాసుకుంటుందేమో చక్రం తిప్పి చూశాకే డబ్బులివ్వండి.

కంపెనీల సంగతికొస్తే, బండి కంపెనీ ఒరిజినల్ కిట్ దొరికితే అదే మేలు. దొరక్కపోతే కోయంబత్తూరు ఎల్.జి. బాలకృష్ణన్ వాళ్ళ రోలాన్, మురుగప్ప గ్రూపు వాళ్ళ డయమండ్ మన షాపుల్లో బాగానే దొరుకుతాయి. పేరు లేని కిట్ జోలికి పోకండి. స్ప్రాకెట్ పన్ను మీద ఆకురాయితో ఒకసారి గీసి చూడండి. గట్టిపరచిన ఉక్కు అయితే ఆకురాయి జారుతుంది, మెత్తదైతే సులువుగా పొడి రాలుతుంది. షాపాయన ఒప్పుకుంటేనే సుమా, కొనకముందు వస్తువు మీద గీతలు పెట్టకూడదు.

పళ్ళు మారిస్తే ఏమవుతుంది

వెనక పళ్ళను ముందు పళ్ళతో భాగించండి. నా బండికి ముందు 14, వెనక 42. భాగిస్తే 3. అంటే ముందు స్ప్రాకెట్ మూడు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ఈ అంకె పెరిగితే లాగుడు పెరుగుతుంది, ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది. తగ్గితే ఇంజన్ నిదానంగా తిరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. రెండూ కలిసి రావు.

ముందు 15 పెట్టారనుకోండి: 42ను 15తో భాగిస్తే 2.8. లాగుడు దాదాపు 7 శాతం పోయింది. ఒక వేగంలో ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుంటే, అదే గేర్లో అదే వేగానికి ఇప్పుడు 4670 తిరుగుతుంది. ముందు 13 పెడితే 3.23 వస్తుంది, ఇంజన్ 5380 దాకా పోతుంది. వెనక పళ్ళు పెంచి 13 పెట్టినంత ఫలితం తెచ్చుకోవాలంటే 42ను 45 చేయాలి. ముందు ఒక పన్ను, వెనక మూడు పళ్ళు దాదాపు సమానమన్నమాట. అందుకే ముందు ఒక్క పన్ను కంటే ఎక్కువ ఎప్పుడూ మార్చకండి.

మైలేజీ కోసం నేనొకసారి 15 పెట్టించాను. కొండమల్లేపల్లి నుంచి నల్లగొండ రోడ్డు మీద ఒక్కడినే పోతుంటే నిజంగానే హాయిగా ఉండేది, ఇంజన్ చప్పుడు తగ్గింది. ఆ కార్తీకంలో ఇద్దరం శ్రీశైలం బయల్దేరాం. డిండి దాటాం, మన్ననూరు దాటాం, అడవిలో దోమలపెంట దాకా ఏ ఇబ్బందీ లేదు. డ్యామ్ దగ్గర కృష్ణ దాటి సున్నిపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టాక మూడో గేరు నిలవలేదు. రెండులో వేస్తే ఇంజన్ అరుపు, మూడులో వేస్తే దడదడ వణుకు. మలుపు మలుపుకూ క్లచ్ పట్టి వదిలి, పట్టి వదిలి, చివరికి క్లచ్ కాలిన వాసన వచ్చింది. బండి పక్కన ఆపి ఇంజన్ చల్లారేదాకా కూర్చున్నాం. తిరిగొచ్చాక లెక్క చూస్తే పెట్రోల్‌లో మిగిలిందేమీ లేదు, బరువుతో ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఎక్కువ తిప్పాల్సి వచ్చింది కదా. మళ్ళీ 14 వేయించాను.

కాబట్టి ఎవరికేది? జాతీయ రహదారి 65 మీద సూర్యాపేట, నార్కట్‌పల్లి వైపు రోజూ ఒక్కరే పోయి వచ్చేవాళ్ళు, 150 సీసీ ఆపైన బండి ఉన్నవాళ్ళు కావాలంటే ముందు ఒక పన్ను పెంచి చూడొచ్చు. 100 సీసీ బండికి అది వద్దు, ఎదురుగాలికే నాలుగో గేరు నిలవదు. అమ్రాబాద్, అచ్చంపేట వైపు గుట్టల ఊళ్ళలో ఇద్దరు మనుషులు, సామానుతో తిరిగేవాళ్ళు, బత్తాయి తోట నుంచి బస్తాలు తెచ్చేవాళ్ళు ముందు ఒక పన్ను తగ్గిస్తే, లేదా వెనక రెండు పెంచితే, ఎక్కడం సులువవుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే బండిని నిదానం చేయడం) కూడా బాగా అందుతుంది, బ్రేకు మీద భారం తగ్గుతుంది. మిగతా అందరికీ, అంటే పదిమందిలో ఎనిమిది మందికి, కంపెనీ ఇచ్చిన పళ్ళే సరి. వారంటీలో ఉన్న బండికైతే సర్వీస్ సెంటర్‌లో అడగకుండా అసలు మార్చకండి.

వెనక టైరు లావుది వేయించుకున్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. చక్రం చుట్టుకొలత పెరిగితే అది కూడా ముందు పన్ను పెంచినట్టే.

పళ్ళు మార్చేవాళ్ళు కొలుచుకోవాల్సినవి

ముందు స్ప్రాకెట్ పెద్దదైతే కవర్ లోపల, ఇంజన్ గోడకు చైన్ తగలకూడదు. మరీ చిన్నదైతే చైన్ పదునుగా వంగి తొందరగా అరుగుతుంది, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చేయి) మీది రబ్బరు పట్టీని కోస్తుంది. ఒక పన్ను పెరిగితే చైన్ అర లింకు ఎక్కువ కావాలి, 428 చైన్‌కు వెనక చక్రం సుమారు 3 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. ఒకటి రెండు పళ్ళ దాకా అడ్జస్టర్‌లోనే సర్దుకుంటుంది. అంతకు మించితే రెండు లింకులు పొడుగున్న చైన్ కావాలి.

స్పీడోమీటర్ సంగతి చాలామంది మరిచిపోతారు. ముందు చక్రం నుంచి కేబుల్ వచ్చే బండికి ఏ తేడా ఉండదు. గేర్‌బాక్స్ దగ్గర సెన్సార్ ఉన్న బండికి మాత్రం మీటర్ తప్పు చూపిస్తుంది. 14 తీసి 15 పెడితే మీటర్‌లో 60 కనిపించినప్పుడు మీరు నిజంగా 64లో పోతున్నారు.

ఇంకో చిన్న లెక్క. 112 లింకుల చైన్ 14 పళ్ళ మీద తిరిగితే, 112ను 14 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి ఒక్కో పన్నుకు ఎప్పుడూ అవే 8 లింకులు తగులుతుంటాయి. 15 పళ్ళైతే ప్రతి పన్నూ ప్రతి లింకునూ వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల అంతటా సమానంగా పంచుకుంటుంది. దీని కోసమని పళ్ళు మార్చక్కర్లేదు. ఎలాగూ మార్చాలనుకున్నప్పుడు రెండు అంకెల మధ్య ఊగుతుంటే బేసి సంఖ్య వైపు మొగ్గండి.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి

చక్రం విప్పకముందే ముందు స్ప్రాకెట్ బోల్టులు వదులు చేయమనండి. చైన్ ఉన్నప్పుడు వెనక బ్రేకు తొక్కి పట్టుకుంటే అవి సులువుగా వస్తాయి. చైన్ తీసేశాక ఆ అవకాశం ఉండదు, సుత్తి దెబ్బలు మొదలవుతాయి. వెనక చక్రం నడిమి హబ్‌లోని రబ్బర్లు నలిగిపోయి ఉంటే ఇప్పుడే మార్చండి. అవి పోతే ప్రతి గేరు కుదుపూ నేరుగా కొత్త చైన్ మీద పడుతుంది.

లాక్ లింకు ఊడకుండా పట్టుకునే లాక్ క్లిప్‌ను స్వయంగా చూడండి. అది చిన్న చేపలా ఉంటుంది, మూసుకున్న వైపు తల, చీలిన వైపు తోక. బండి ముందుకు పోయేటప్పుడు చైన్ ఎటు కదులుతుందో అటే తల ఉండాలి. పై వైపు చైన్‌లో అయితే తల ఇంజన్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలినప్పుడు క్లిప్ ఊడిపోతుంది, నడిరోడ్డు మీద చైన్ తెగి చక్రానికి చుట్టుకుంటుంది.

టెన్షన్ సెట్ చేసేటప్పుడు చక్రం నెమ్మదిగా తిప్పుతూ చైన్ ఎక్కడ బాగా బిగుతుగా ఉందో ఆ చోటే కొలవాలి. కింది వైపు నడిమధ్య వేలితో పైకీ కిందికీ కదిపితే 100, 125 సీసీ బళ్ళలో చాలావాటికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల కదలిక ఉంటుంది. మీ బండి ఓనర్ పుస్తకంలో ఎంత రాసి ఉంటే అదే పెట్టండి. తీగలా బిగిస్తే మంచిదనుకోకండి. ఇద్దరు కూర్చుని గుంతలో పడ్డప్పుడు స్వింగ్ ఆర్మ్ లేచి చైన్ ఇంకా బిగుస్తుంది, ఆ లాగుడుకు గేర్‌బాక్స్ బేరింగ్ పోతుంది. రెండు వైపులా అడ్జస్టర్ గీతలు సమానంగా ఉన్నాయా చూసి, వెనక నుంచి ఒక కన్ను మూసి చైన్ గీత గీసినట్టు వరసగా ఉందో లేదో చూడండి. చక్రం జరిగింది కాబట్టి డ్రమ్ బ్రేకు రాడ్ నట్టు కూడా మళ్ళీ సెట్ చేయించాలి. చక్రం ఇరుసుకు బిగించే యాక్సిల్ నట్టు, అది ఊడకుండా ఆపే కాటర్ పిన్ చూడకుండా షాపు నుంచి కదలొద్దు.

ఆ తర్వాత

మొదటి 300 కిలోమీటర్లలో కొత్త చైన్ కాస్త కుదురుకుంటుంది, టెన్షన్ ఒకసారి చూసుకోండి. ఆ పైన మామూలు చైన్‌కు 500 కిలోమీటర్లకోసారి 90 నంబర్ గేర్ ఆయిల్ పోసి, గుడ్డతో పైన తుడిచేయండి. తుడవకపోతే దుబ్బ పట్టుకుంటుంది. వానలో తడిస్తే కిలోమీటర్లు చూడకుండా అదే రోజు పోయండి. ఇంజన్ నుంచి తీసిన నల్లటి పాత ఆయిల్ వాడకండి, అందులో ఇనుప పొడి ఉంటుంది. ఓ-రింగ్ చైన్ కడగడానికి మనం గ్యాస్ నూనె అనే కిరసనాయిలు, మెత్తటి బ్రష్ వాడండి. పెట్రోల్, ఇనుప బ్రష్ తగిలితే రబ్బరు రింగులు పాడవుతాయి.

ఆయిల్ పోసేటప్పుడు ఇంజన్ ఆపేసి, చక్రాన్ని చేత్తోనే తిప్పండి. బండి స్టార్ట్ చేసి గేర్లో పెట్టి గుడ్డ పట్టుకుంటే పని తొందరగా అవుతుందనిపిస్తుంది. గుడ్డ కొస స్ప్రాకెట్‌లో పడితే వెనకాలే వేళ్ళు పోతాయి. దయచేసి ఈ ఒక్క మాట వినండి, మీ ఇంట్లో బండి తోమే పిల్లలకూ చెప్పండి.

చివరగా, టూల్ బాక్స్ మూత లోపలి వైపు పెయింటుతో ఆ నాలుగు అంకెలు, మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు రాసి పెట్టండి. నా దాంట్లో రాసింది ఇది: 428 హెచ్, 112, 14, 42.